వకీలు లేకపోయినా సరే, కాగితం లేకుండా మాత్రం వద్దు

నికాహ్ రోజున ఆడపిల్ల దగ్గరికి ఒక వకీలు, ఇద్దరు సాక్షులు వెళ్ళి సమ్మతి అడగడం మన ఇళ్ళలో అందరికీ తెలిసిన ముచ్చటే. ఆ వకీలు నల్లకోటు వకీలు కాదు. మేనమామో చిన్నాన్నో అయి ఉంటాడు. అమ్మాయి ఒప్పుకుందని ఆయన వచ్చి చెప్పాక ఖాజీగారు పుస్తకం తెరిచి ఇద్దరి పేర్లు, తండ్రుల పేర్లు, మెహర్ ఎంత, అందులో అప్పుడే ఇచ్చింది ఎంత, బాకీ ఎంత, తేదీ ఏమిటి అన్నీ రాసి సంతకాలు చేయిస్తారు. ఇంత పకడ్బందీగా మొదలైన సంబంధం తెగిపోయే రోజున మాత్రం ఆ పుస్తకం ఉండదు, ఆ సాక్షులు ఉండరు, అమ్మాయి సమ్మతి అడిగి వచ్చే ఆ వకీలూ ఉండడు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో మన కుటుంబాల విడాకులు తరచుగా ఇదే తీరున ముగుస్తున్నాయి.

ఎలా జరుగుతుందో పాఠకులకు విడమరచి చెప్పనక్కర లేదు. గొడవలు ముదిరి అమ్మాయి పుట్టింటికి వచ్చి ఏడాదో రెండేళ్ళో గడుస్తుంది. అప్పుడు రెండు వైపుల పెద్దలు ఒక ఆదివారం కూర్చుంటారు. మస్జిద్ కమిటీ వాళ్ళు ఒకరిద్దరు, ఊళ్ళో మాట చెల్లేవాళ్ళు మరొకరిద్దరు. ఇక కలవరు, తెంచేద్దామని తేలుతుంది. జహేజ్ సామానులో ఎంత తిరిగొస్తుంది, చేతికి ఎంత ఇస్తారు అన్న బేరం సాయంత్రం దాకా సాగుతుంది. స్టాంపు కాగితం మీద నాలుగు వాక్యాలు రాసి, నోటరీ ముద్ర వేయించి, ఉన్న ఆ ఒక్క ప్రతినీ ఎవరో పెద్దమనిషి బీరువాలో పెడతారు. కొన్నిచోట్ల అదీ ఉండదు, నోటిమాటతో సరి. అమ్మాయికి బీరువా, మంచం, గిన్నెలు తిరిగి వస్తాయి. తాను ఇప్పుడు ఒకరి భార్యా కాదా అన్నది చెప్పే కాగితం మాత్రం రాదు.

ఇందులో కోర్టు వకీలు లేడని నేను తప్పు పట్టడం లేదు. కూలి చేసుకునే ఇల్లు, మిరపకాయ కొట్లలో పనిచేసే ఇల్లు, సైకిల్ షాపు నడుపుకునే ఇల్లు ఫీజులు కట్టి వాయిదాలకు తిరగలేవు. వాయిదా రోజున పని పోతుంది, బస్సు చార్జీ పోతుంది, పిల్లల్ని చూసేవాళ్ళు ఉండరు. పైగా కోర్టుకెక్కిన ఇల్లు అన్న పేరు వస్తే చెల్లెళ్ళ సంబంధాలకు అడ్డు అని తల్లిదండ్రులు జంకుతారు. ఆ భయం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. భయం మాత్రం నిజం.

అసలు విడాకులకు వకీలు ఉండి తీరాలని ధర్మమూ అనలేదు, చట్టమూ అనలేదు. దంపతుల మధ్య చీలిక వస్తుందనిపిస్తే అతని బంధువుల నుంచి ఒకరిని, ఆమె బంధువుల నుంచి ఒకరిని మధ్యవర్తులుగా పెట్టుకోమని దివ్యఖుర్ఆన్ నిసా సూరాలో 35వ ఆయత్ ఆదేశిస్తోంది. ఆమె వైపు నుంచి కూడా ఒకరు అన్న మాటను మన పంచాయితీలు ఎంతవరకు పాటిస్తున్నాయో ఎవరికి వారే చూసుకోవాలి. ఇక దేశ చట్టం సంగతి. 1937 షరియత్ చట్టం తలాఖ్‌ను, ఖులాను, ముబారాత్‌ను పేరు పెట్టి గుర్తించింది. ఏ సివిల్ కోర్టులోనైనా కక్షిదారు తన కేసు తానే చెప్పుకోవచ్చు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ కోర్టులో వకీలును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదని 13వ సెక్షన్‌లో రాసింది. అంటే వకీలు లేకుండా జరగడం ఏదో దొంగచాటు పని కాదు.

ఇరుగుపొరుగు హిందూ కుటుంబాల వారు ఆప్యాయంగా ఇచ్చే సలహా వల్ల ఇక్కడ ఒక గందరగోళం పుడుతోంది. ఇద్దరూ ఒప్పుకున్నా కోర్టు డిక్రీ లేనిదే విడాకులు చెల్లవని వాళ్ళు చెబుతారు. సాధారణంగా వాళ్ళ విషయంలో అది నిజమే, హిందూ వివాహ చట్టం అలా ఉంది. మన విషయంలో ఇద్దరూ ఒప్పుకుని చేసుకున్న ఖులా, ముబారాత్ కోర్టు బయట కూడా చెల్లుతాయి. అయితే ఆ మాట విని మనవాళ్ళు రెండో తప్పు చేస్తున్నారు. చెల్లుతుంది కదా అని రుజువు అక్కర్లేదనుకుంటున్నారు. నోటరీ ముద్రే విడాకులనుకునే వాళ్ళు కూడా ఉన్నారు. నోటరీ విడాకులు ఇవ్వడు. ఈ సంతకం ఫలానా వారు నా ఎదుట చేశారని మాత్రమే అంటాడు. కాగితంలో ఏమీ లేకపోతే ఆ ముద్రకు విలువా లేదు.

కాగితం లేకపోతే ఏమవుతుందో అలహాబాదుకు చెందిన షమీమ్ ఆరా అనే సోదరి కేసు చెబుతుంది. 1968లో ఆమె పెళ్ళయింది. 1979లో భర్త పోషించడం లేదని కోర్టుకు వెళ్ళింది. 1990లో భర్త తన జవాబులో, నేను 1987లోనే తలాఖ్ చెప్పేశాను, కాబట్టి పోషణ ఇవ్వనక్కర లేదు అన్నాడు. ఎవరి ఎదుట చెప్పాడు, ఎందుకు చెప్పాడు, ఆమెకు ఎప్పుడు తెలిసింది, దేనికీ ఆధారం లేదు. 2002 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. తలాఖ్‌కు సరైన కారణం ఉండాలి, దానికి ముందు రెండు వైపుల మధ్యవర్తులతో రాజీ ప్రయత్నం జరిగి ఉండాలి, ఎప్పుడో చెప్పానని జవాబులో రాస్తే అది తలాఖ్ కాదు అంది. తీర్పు గొప్పదే. కానీ అర్జీ పెట్టిన నాటి నుంచి లెక్కిస్తే 23 ఏళ్ళు. తేదీ, సాక్షులు ఉన్న ఒక కాగితమే ఉంటే ఈ వాదన పుట్టేది కాదు.

అది అలహాబాదు సంగతి అనుకోవద్దు. విడిపోయిన అమ్మాయికి మళ్ళీ సంబంధం వస్తే ఏమవుతుందో చూడండి. మాట మీద తెగిన పెళ్ళిని మొదటి భర్త రేపు కాదంటే, ఆమె రెండో నికాహ్ ధర్మం ప్రకారమూ చెల్లదు, చట్టం ప్రకారమూ చెల్లదు. భర్త ఉండగా మరో పెళ్ళి చేసుకుందని భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఆమె మీద కేసు పెట్టవచ్చు. శిక్ష ఏడేళ్ళ దాకా ఉంటుంది. అదే మగవాడు మరో పెళ్ళి చేసుకుంటే మన పర్సనల్ లా వల్ల అతనికి ఆ చిక్కు లేదు. కాగితం లేని విడాకుల్లో ప్రమాదమంతా ఒక్కరి నెత్తిన పడుతోందన్న మాట. ఇక ఇద్దత్ మాట. అది ఏ రోజు నుంచి లెక్కించాలి? తేదీ రాయని విడాకులకు ఇద్దత్ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో ఎవరూ చెప్పలేరు. ఇద్దత్ ముగియకుండా జరిగిన నికాహ్ గురించి ఉలమాలు ఏమంటారో మనకు తెలుసు. ఇంత దీన్ మాట్లాడే మనం తేదీ ఒక్కటి రాయకపోవడం శోచనీయం. ఒంటరి మహిళ పింఛనుకు వెళ్ళినా, రేషన్ కార్డులో పేరు వేరు చేయమన్నా, పాస్‌పోర్టులో భర్త పేరు తీయించాలన్నా ఆధారం అడుగుతారు. పెద్దమనిషి బీరువాలోని కాగితం అప్పటికి దొరకదు. ఆ పెద్దమనిషే ఉండకపోవచ్చు.

ఏ కాగితమైనా పనికొస్తుందని కూడా అనుకోకూడదు. ఒక్క ఉదుటున మూడుసార్లు తలాఖ్ అని రాసిన కాగితం చెల్లదు. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఆ పద్ధతిని కొట్టివేసింది. 2019లో పార్లమెంటు చేసిన చట్టం దాన్ని నేరం చేసింది, మూడేళ్ళ దాకా జైలు ఉంది. నోటితో చెప్పినా, ఉత్తరం రాసినా, ఫోనులో పంపినా ఒకటే. ఆ చట్టం మీద మనలో ఎన్ని అభిప్రాయాలైనా ఉండవచ్చు. పంచాయితీలో కూర్చునే పెద్దలు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మూడు తలాఖులు రాయించి ఆ అమ్మాయి చేతిలో పెడితే, వాళ్ళు ఆమెకు ఇచ్చింది విడాకులు కాదు. పెళ్ళి తెగలేదు. ఆమె ఇంకా అతని భార్యే. వకీలు లేకుండా పంచాయితీ చేసే పెద్దలకు ఈ ఒక్క విషయమైనా తెలిసి ఉండాలి.

ఖులా విషయంలో మన పంచాయితీల తీరు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఖులా స్త్రీకి ధర్మం ఇచ్చిన తలుపు. ప్రవక్త మహనీయులు ముహమ్మద్ (స) కాలంలో సాబిత్ బిన్ ఖైస్ గారి భార్య ఆయనతో కాపురం చేయలేనని వచ్చి చెప్పుకుంటే, మెహర్‌గా పుచ్చుకున్న తోటను తిరిగి ఇప్పించి ఆమెను విడిపించిన సంగతి మనందరం విన్నదే. ఇప్పుడు మన దగ్గర ఏం జరుగుతోంది? వదిలించుకోవాలన్న కోరిక అబ్బాయిది. తలాఖ్ తాను ఇస్తే మెహర్ చెల్లించాలి, ఇద్దత్ ఖర్చు ఇవ్వాలి. అందుకని పెద్దలు అమ్మాయి చేత "నేనే ఖులా కోరుకుంటున్నాను" అని రాయిస్తారు. మెహర్ మాఫీ, ఇద్దత్ ఖర్చు మాఫీ, అన్నీ మాఫీ. చదువురాని తల్లి, అవమానంతో కుంగిపోయిన తండ్రి, ఎలాగోలా బయటపడితే చాలనుకునే అమ్మాయి. వేలిముద్ర పడుతుంది. తలాఖ్‌ను ఖులా అని రాయడం అబద్ధపు సాక్ష్యం. అది రాసినవాళ్ళు కిందటి వారమే జుమా ఖుత్బాలో సత్యం గురించి విని తల ఊపి ఉంటారు.

కాబట్టి కాగితంలో మొట్టమొదట తేలాల్సింది విడిపోవాలని ఎవరు కోరారన్నది. అతను కోరితే తలాఖ్. ఆమె కోరితే ఖులా. ఇద్దరూ కోరితే ముబారాత్. ఆమెను పక్క గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, ఆమె నమ్మే ఒక స్త్రీ తోడుగా ఉండగా అడగాలి. నికాహ్ నాడు సమ్మతి అడిగినంత జాగ్రత్తగా.

తర్వాత వివరాలు. నికాహ్ ఎప్పుడు, ఎక్కడ, ఏ ఖాజీ పుస్తకంలో రాశారు. విడిపోయిన తేదీ, స్థలం. మెహర్ ఎంత ఉంది, ఎంత చెల్లింది, మిగిలింది ఎవరు వదులుకున్నారు, ఎందుకు. ఇద్దత్ మూడు నెలల ఖర్చు ఎంత. ఆమె గర్భవతి అయితే ప్రసవం దాకా ఇద్దత్ కాబట్టి ఆ మాట కూడా. జహేజ్ సామాను, బంగారం జాబితా: అందినవి ఒక పక్క, రావలసినవి ఒక పక్క. పెళ్ళికి ముందూ పెళ్ళిలోనూ తర్వాతా తనకు పుట్టింటివారూ అత్తింటివారూ ఇచ్చిన వస్తువులన్నీ విడాకులు పొందిన స్త్రీవేనని 1986 చట్టం మూడో సెక్షన్ చెబుతోంది. సామాను ఇచ్చేసి ఏదో దయ చూపించామనుకునే వాళ్ళకు ఇది వినిపించాలి. డబ్బు నగదుగా కాక బ్యాంకు ద్వారా ఇస్తే ఆ నంబరు రాయాలి. ఇద్దరూ ప్రతి పేజీ మీద సంతకం చేయాలి. సాక్షులు రెండు వైపులా ఉండాలి, చిరునామాలతో, వీలైతే వయసులో చిన్నవాళ్ళు. సాక్షి పాతికేళ్ళు బతికి ఉండాలి కదా! అసలు ప్రతులు రెండు. ఒకటి ఆమె చేతికి. ఆమె తండ్రికో అన్నకో కాదు, ఆమె చేతికే.

భాష సంగతి ఒకటి మిగిలింది. కొన్ని ఖులానామాలు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ మన ఇంటి భాషే, దాని మీద ప్రేమ లేక కాదు. కానీ ఆ అమ్మాయి తెలుగు బడిలో చదువుకుంది, తాసిల్దారు కార్యాలయంలో గుమాస్తాకు తెలుగే వచ్చు, మెజిస్ట్రేటుకూ తెలుగే కావాలి. నూర్‌బాషా కుటుంబాల్లోనైతే ఇంట్లోనూ తెలుగే. తాను చదవలేని కాగితం మీద ఎవరి చేతా సంతకం పెట్టించకూడదు. తెలుగులో రాయండి, కావాలంటే పక్కన ఉర్దూ రాయండి.

రాయకూడనివి కూడా ఉన్నాయి. "పిల్లల ఖర్చు తల్లే భరిస్తుంది, తండ్రిని అడగదు" అన్న వాక్యం మన ఒప్పందాల్లో మామూలైపోయింది. పిల్లల హక్కును వదులుకోవడానికి తల్లి ఎవరు? అది ఆమె సొత్తు కాదు. మన పిల్లలకు కూడా తండ్రి నుంచి పోషణ పొందే హక్కు ఉందని, విడాకులు పొందిన తల్లికి వర్తించే 1986 చట్టం ఆ హక్కును తగ్గించదని సుప్రీంకోర్టు 1997లోనే నూర్ సబా ఖాతూన్ కేసులో తేల్చింది. మేజరయ్యేదాకా, ఆడపిల్లలకైతే పెళ్ళయ్యేదాకా. అలాగే "భవిష్యత్తులో ఏ కోర్టుకూ వెళ్ళను" అన్న వాక్యం. దాన్ని చూసి కోర్టు తలుపు మూసుకోదు. అమ్మాయి మాత్రం భయపడి ఆ తలుపు దాకా వెళ్ళదు. ఆ వాక్యం రాసేది అందుకే.

భర్త ఒప్పుకోకపోతే ఏం చేయాలి? ఇక్కడ మన ప్రాంతానికి ఒక చిత్రమైన పరిస్థితి ఉంది. జగ్గయ్యపేట నుంచి బస్సెక్కితే కాసేపటికి కోదాడ వస్తుంది, అది తెలంగాణ. అటు పిల్లను ఇటు, ఇటు పిల్లను అటు ఇచ్చుకోవడం తరతరాలుగా ఉంది. 2025 జూన్ 24న తెలంగాణ హైకోర్టు, ఖులా స్త్రీకి పూర్తి హక్కు, భర్త ఒప్పుకోనక్కర లేదు, ముఫ్తీ ఇచ్చే ఖులానామా సలహా మాత్రమే, వివాదం వస్తే కోర్టు పరిశీలించి ముద్ర వేస్తుంది అని చెప్పింది. కేరళ హైకోర్టు 2021లో దాదాపు ఇదే దారిలో తీర్పు ఇచ్చింది. మద్రాసు హైకోర్టు 2023లో మాత్రం, షరియత్ కౌన్సిల్ వంటి ప్రైవేటు సంస్థలు ఇచ్చే ఖులా పత్రం చెల్లదు, ఫ్యామిలీ కోర్టుకే వెళ్ళాలి అంది. ఒక రాష్ట్రపు హైకోర్టు తీర్పు పక్క రాష్ట్రపు కోర్టులను కట్టడి చేయదు, దారి మాత్రం చూపుతుంది. కనుక భర్త సంతకం లేని ఖులానామాను చేత్తో పట్టుకుని అంతా అయిపోయిందని కూర్చోవద్దు. మన వైపు దానికి కోర్టు ముద్ర వేయించుకోవడమే క్షేమం.

భర్త జాడే లేకపోతే, జాడ ఉన్నా పట్టించుకోకపోతే 1939 ముస్లిం వివాహాల రద్దు చట్టం ఉంది. ఇది ఎవరో బయటివాళ్ళు మన మీద రుద్దిన చట్టమని కొందరి అపోహ. అసలు కథ వేరు. హనఫీ సంప్రదాయంలో భర్త వదిలేసిన స్త్రీకి దారి దొరక్క, పంజాబు వైపు కొందరు స్త్రీలు పెళ్ళి నుంచి బయటపడడానికి మతమే వదిలేసే పరిస్థితి వచ్చింది. అది చూసి కలవరపడిన మౌలానా అష్రఫ్ అలీ థానవీ మాలికీ సంప్రదాయంలోని వెసులుబాటును తీసుకోవచ్చని గ్రంథం రాశారు. ఆ వెలుగులో ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు. అలా వచ్చింది ఆ చట్టం. నాలుగేళ్ళు భర్త ఆచూకీ లేకపోయినా, రెండేళ్ళు పోషించకపోయినా, సరైన కారణం లేకుండా మూడేళ్ళు కాపురం ధర్మాలు నిర్వర్తించకపోయినా, క్రూరంగా హింసించినా ఆమె కోర్టుకు వెళ్ళి పెళ్ళి రద్దు చేయించుకోవచ్చు.

అయితే ఇలాంటి కేసు వకీలు లేకుండా నడపమని నేను ఎవరికీ చెప్పను. సాక్షుల్ని విచారించాలి, అవతలి వకీలు అడ్డు ప్రశ్నలు వేస్తాడు. ఇల్లు, స్థలం తగాదా ఉన్నా, పిల్లల్ని ఎత్తుకుపోతామని బెదిరించినా, తలాఖే ఇవ్వలేదని అతను అడ్డం తిరిగినా వకీలు కావాల్సిందే. డబ్బు లేదంటారా? 1987 న్యాయసేవల సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రతి స్త్రీకీ, ఆమె ఆదాయం ఎంతైనా సరే, ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది. పేదరాలినని రుజువు చేసుకోనక్కర లేదు. స్త్రీ అయితే చాలు. నందిగామలోనూ జగ్గయ్యపేటలోనూ కోర్టు ఆవరణలో మండల న్యాయసేవా కమిటీ ఉంటుంది. ఒక తెల్లకాగితం మీద తెలుగులో అర్జీ రాసి ఇస్తే సరిపోతుంది. ఫోను చేయాలంటే 15100.

వకీలు లేకుండా ఆమె తానే చేసుకోగల పనులు రెండున్నాయి. ఒకటి పోషణ అర్జీ. పాత 125వ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. తాను ఉంటున్న ఊరి కోర్టులోనే వేసుకోవచ్చు, అతని ఊరికి పోనక్కర లేదు. మధ్యంతర పోషణ కోరితే, అతనికి నోటీసు అందిన అరవై రోజుల్లో వీలైనంత వరకు తేల్చాలని చట్టం చెబుతోంది. ఇది ముస్లిం స్త్రీకి వర్తిస్తుందా అన్న వాదన 1985లో షాబానో తీర్పు నాటి నుంచి నడిచింది. 1986లో వేరే చట్టం వచ్చింది. 2001లో డానియల్ లతీఫీ కేసులో, ఇద్దత్ లోపలే ఆమె మున్ముందు జీవితానికంతా సరిపడా ఏర్పాటు భర్త చేయాలని సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని వివరించింది. చివరకు 2024 జులై 10న, మన పక్క తెలంగాణ నుంచే వెళ్ళిన కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ 125వ సెక్షన్ కింద కూడా అడగవచ్చని తేల్చేసింది. నలభై ఏళ్ళ వాదన ముగిసినా మన వీధుల్లో ఇంకా "మనకు అది లేదు" అనేవాళ్ళు ఉన్నారు.

రెండోది లోక్ అదాలత్. మనవాళ్ళు దీన్ని ఎందుకు వాడుకోరో నాకు అర్థం కాదు. మన పెద్దల పంచాయితీకి దగ్గరగా ఉండేది ఇదే. లోక్ అదాలత్‌లు సాధారణంగా విడాకులు మంజూరు చేయవు, దంపతుల మధ్య మిగిలిన తగాదాలు తీసుకుంటాయి. మనకు కావలసింది కూడా అదే. ఖులా లేదా ముబారాత్ పెద్దల ఎదుట రాసుకోవచ్చు. మెహర్ బాకీ, సామాను, పిల్లల ఖర్చు, వాయిదాల్లో ఇస్తామన్న డబ్బు, వీటి ఒప్పందాన్ని మాత్రం న్యాయసేవా కమిటీ ద్వారా లోక్ అదాలత్‌లో పెట్టించి అవార్డుగా తీసుకోవాలి. కోర్టు ఫీజు లేదు. ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పెద్దమనిషి బీరువాలోని స్టాంపు కాగితం ప్రకారం డబ్బు రాకపోతే మళ్ళీ పెద్దమనిషి ఇంటి చుట్టూ తిరగాలి. అవార్డు ప్రకారం రాకపోతే కోర్టే వసూలు చేయిస్తుంది.

ఈ పని మస్జిద్ కమిటీలు చేపట్టాలని నా సూచన. మస్జిద్ నమాజు కోసం, ఇలాంటి వ్యవహారాలు మాకెందుకు అని కొందరంటారు. పంచాయితీకి పిలిస్తే వచ్చి కూర్చునేది వాళ్ళే కదా! కూర్చున్నప్పుడు రాయడం కూడా వాళ్ళ బాధ్యతే. మనకు ఖాజీ పుస్తకం నికాహ్‌కు ఉంది. పెళ్ళిళ్ళ నమోదును తప్పనిసరి చేస్తూ 2002లో రాష్ట్రం చట్టం కూడా చేసింది, అయితే అది పెళ్ళికే. బెంగాల్‌లో మాత్రం 1876 నుంచే ముస్లింల పెళ్ళితో పాటు విడాకులను కూడా రిజిస్ట్రారు దగ్గర నమోదు చేసుకునే చట్టం ఉంది. అలాంటిది ఇక్కడ వచ్చేదాకా మనం కూర్చోనక్కర లేదు. పేజీలకు వరుస నంబర్లు వేసిన బైండు పుస్తకం ఒకటి చాలు. నేను పైన చెప్పిన వివరాలన్నిటికీ గళ్ళు గీసి, ప్రతి నమోదుకు మూడు సంతకాల చోటు ఉంచి, ఆ నమూనా సరిగా ఉందో లేదో ఒకసారి న్యాయసేవా కమిటీ వాళ్ళకు చూపించుకుంటే అదీ అయిపోతుంది. ఇలాంటి పుస్తకం వల్ల పెళ్ళి తెగిందని కొత్తగా చట్టబలం ఏదీ రాదు. 2014లో సుప్రీంకోర్టు దారుల్ ఖజాల గురించి చెబుతూ వాటి ఫత్వాలకు చట్టబలం లేదని, వాటిని ఎవరి మీదా బలవంతంగా రుద్దకూడదని స్పష్టం చేసింది. ఆ హద్దు మన కమిటీలకూ వర్తిస్తుంది. వాళ్ళు తీర్పులు ఇవ్వవద్దు, జరిగింది జరిగినట్టు రాసి పెడితే చాలు. నికాహ్ పుస్తకం పక్కనే అదీ ఉంటే, పిల్లకు మళ్ళీ సంబంధం చూస్తూ పాత సంగతి నిజమా అని కనుక్కోవడానికి వచ్చే పెళ్ళివారికి, వాళ్ళు కోదాడ నుంచి వచ్చినా ఖమ్మం నుంచి వచ్చినా, పేజీ తీసి తేదీ చూపించవచ్చు.